ముహూర్తం ఫోటో చేజారకుండా: కాబోయే జంటలు ముందే చూసుకోవలసిన పనులు

తెలుగు పెళ్ళిలో అసలు ముహూర్తం తాళి కట్టే వేళ కాదు, జీలకర్ర బెల్లం పెట్టే వేళ. శుభలేఖ మీద అచ్చయిన గంటా నిమిషం దానిదే. ఆల్బమ్‌లో అన్నిటికంటే ఎక్కువగా పాడయ్యేది కూడా ఆ ఫోటోనే. తెర చుట్టూ బంధువులు మూగుతారు. అక్షతలు వెయ్యడానికి చేతులన్నీ ఒకేసారి లేస్తాయి. ఇటు స్టూడియో కుర్రాడి ఫ్రేములోకి అటు స్టూడియో కుర్రాడి తలకాయ వస్తుంది. వెనక ఎల్‌ఈడీ గోడ గులాబిరంగులో వెలిగిపోతుంటుంది. కెమెరా ఎన్ని లక్షలదైనా వీటిలో ఒక్కదాన్నీ సరిచెయ్యలేదు. మాటలతో ముందే సరిచేసుకోవాలి. ఫోటోగ్రాఫర్‌తో మాట్లాడితే చాలదు, డెకరేటర్‌తోనూ, పంతులుగారితోనూ, రెండిళ్ళ పెద్దలతోనూ మాట్లాడాలి.

స్టూడియోతో మాట్లాడుకునేటప్పుడు

ఆషాఢం, మూఢాలు పోగా మిగిలిన మంచి రోజులు కొన్నే. పెద్ద ముహూర్తం పడ్డ రోజున ఒకే స్టూడియోకి నాలుగైదు పెళ్ళిళ్ళుంటాయి. మీకు నమూనా చూపించిన మనిషి ఒకరు, పెళ్ళికి వచ్చేది ఇంకొకరు కావడం మామూలే. అందుకే మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "ఆ రోజు మా మండపం దగ్గర కెమెరా పట్టుకునేది ఎవరు? ఆయన తీసిన ఒక పెళ్ళి మొదటినుంచి చివరిదాకా చూపించండి" అని అడగండి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఇరవై ఫోటోలతో ఏమీ తేలదు. రాత్రి ముహూర్తం, ఫంక్షన్ హాల్లో జరిగిన పెళ్ళి ఆల్బమ్ మొత్తం తిప్పి మూడు విషయాలు చూడండి. జీలకర్ర బెల్లం పేజీలో ఇద్దరి ముఖాలూ కనిపిస్తున్నాయా? హోమం దగ్గర పొగ మధ్య ఫోటో ఎలా వచ్చింది? చామనఛాయ మనుషులు చామనఛాయలోనే ఉన్నారా, సున్నం కొట్టినట్టు తెల్లగా మారారా? ఈ మూడోది ఎడిటింగ్ అలవాటు. తర్వాత మారుస్తామన్న మాట నమ్మవద్దు.

మన దగ్గర ప్యాకేజీలో ట్రెడిషనల్ ఫోటో, ట్రెడిషనల్ వీడియో, క్యాండిడ్, సినిమాటిక్ అని నాలుగు రకాల మనుషులు వస్తారు. ట్రెడిషనల్ అంటే తంతు వరుసగా, ప్రతి బంధువూ పడేలా తీసేవాళ్ళు. క్యాండిడ్ అంటే చెప్పకుండా, పోజు పెట్టించకుండా తీసేవాళ్ళు. సినిమాటిక్ అంటే వీడియోని సినిమాలా తీసేవాళ్ళు. క్యాండిడ్ ఒక్కటి చాలు అనుకునే జంటలకు తర్వాత చిక్కొచ్చి పడుతుంది: పెళ్ళికూతురు కన్నీటిబొట్టు అద్భుతంగా వస్తుంది, పెద్దనాన్న గారి కుటుంబం ఒక్క ఫోటోలోనూ ఉండదు. ట్రెడిషనల్ ఒకరు, క్యాండిడ్ ఒకరు, వీడియోకి ఇద్దరు అయితే మామూలు పెళ్ళికి సరిపోతారు. అంతకు మించితే వాళ్ళే మండపానికి అడ్డు.

కాగితం మీద రాయించుకోవలసినవి: వచ్చే మనుషుల పేర్లు, ఎన్ని గంటలకు వచ్చి ఎప్పటిదాకా ఉంటారు (అప్పగింతల దాకా అని స్పష్టంగా), ఎడిట్ చేసిన ఫోటోలు ఎన్ని, ఆల్బమ్ సైజు, షీట్లు ఎన్ని, షీటు పెరిగితే ఎంత, వీడియో నిడివి, ఎన్ని రోజుల్లో ఇస్తారు, చెప్పిన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసుందా విడిగానా, బయటి ఊరైతే ప్రయాణం, బస ఎవరిది. డబ్బు మూడు విడతలుగా ఇవ్వండి. చివరి విడత ఆల్బమ్, హార్డ్ డిస్క్ చేతికొచ్చాకే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి ఒకరు తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. కాబట్టి ఒప్పందం కిందిభాగంలో చిన్న అక్షరాల్లో "ఫోటోలు ప్రచారానికి వాడుకునే హక్కు స్టూడియోది" అని ఉందేమో చదవండి. పెళ్ళికూతురు మంగళస్నానం వీడియో ఎవరి పేజీలోనో రీల్‌గా తేలాక గొడవపడే బదులు, "మా రాతపూర్వక అనుమతి లేకుండా పెట్టకూడదు" అని ఒక వాక్యం రాయిస్తే సరిపోతుంది.

కెమెరా గురించి ఒకే ఒక్కటి అడగండి: రెండు మెమరీ కార్డుల స్లాట్లు ఉన్నాయా, రెండిట్లోనూ ఒకేసారి రికార్డవుతుందా? కార్డు పాడైతే పెళ్ళి మళ్ళీ చేసుకోలేరు.

రెండు స్టూడియోల తగవు

పెళ్ళికొడుకు వాళ్ళది ఒక స్టూడియో, పెళ్ళికూతురు వాళ్ళది ఒక స్టూడియో. ఇది మన పెళ్ళిళ్ళలో మర్యాదల లెక్క కాబట్టి వద్దని చెప్పడం తేలిక కాదు. వీలైతే ఒకే స్టూడియోని పెట్టుకుని ఖర్చు పంచుకోండి, ఆల్బమ్‌లు రెండు చేయించండి. కాదంటే వారం ముందే రెండు బృందాలనీ ఫోన్‌లో కలిపి మూడు విషయాలు తేల్చండి. మండపం దగ్గర మాట ఎవరిది చెల్లుతుంది? జీలకర్ర బెల్లం అప్పుడు ఎవరు ఏ మూల నిలబడతారు? తర్వాత ఒకరి ఫోటోలు ఒకరికి ఇస్తారా? మూడోదానికి ఒప్పుకుంటే మొదటి రెండూ వాటంతటవే తేలిపోతాయి. ఎవరు తీసినా ఇద్దరికీ వస్తుందని తెలిశాక తోసుకోవడం తగ్గుతుంది.

అన్నట్టు, పెళ్ళిరోజు ఉదయం అన్ని కెమెరాల్లోనూ గడియారాలు ఒకే నిమిషానికి పెట్టించండి. అయిదు కెమెరాల నుంచి వచ్చిన నాలుగైదు వేల ఫోటోలను టైము ప్రకారం వరుస పెట్టినప్పుడు ఒక కెమెరా గంట వెనక ఉంటే, తలంబ్రాల తర్వాత కాళ్ళు కడగడం వస్తుంది. ఆల్బమ్ డిజైనర్‌కి మన తంతు తెలియకపోతే అలాగే అచ్చయిపోతుంది కూడా.

నిశ్చితార్థం

నిశ్చితార్థంలో పనికొచ్చే ఫోటోలు మూడు: లగ్నపత్రిక చదవడం, రెండిళ్ళవారు తాంబూలాలు మార్చుకోవడం, ఉంగరాలు తొడగడం. మొదటి రెండిటిలో పెద్దవాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటారు, ఫోటోగ్రాఫర్ ఎటు నిలబడ్డా ఒకరి వీపు వస్తుంది. కుర్చీలు ముఖాముఖీ కాకుండా కొంచెం కెమెరా వైపు తిప్పి వేయించండి. పళ్ళేలు మధ్యలో కుప్పగా పెట్టకుండా ముందు వరుసలో సర్దితే పట్టుబట్టలు, పళ్ళు, పసుపు కుంకుమలు అన్నీ ఒకే ఫ్రేములో పడతాయి.

ఉంగరం దగ్గర జరిగే పొరపాటు ఒకటే, తొందర. తొడిగేవారి చెయ్యి పైనుంచి వస్తే ఉంగరం కనబడదు. తొడిగించుకునేవారు అరచెయ్యి కిందికి పెట్టి, వేళ్ళు కొంచెం విడదీసి, చేతివెనక భాగం కెమెరా వైపు ఉంచాలి. తొడిగేవారు బొటనవేలు, చూపుడువేలు రెండిటితోనే ఉంగరం అంచులు పట్టుకుని, వేలి మొదటి కణుపు దగ్గర రెండు సెకన్లు ఆగాలి. రెండో కణుపు దగ్గర ఉంగరం ఇరుక్కోవడం ఉక్కపోత రోజుల్లో తప్పదు. వేళ్ళు ఉబ్బుతాయి. బలవంతంగా తొయ్యకండి, కొంచెం తిప్పుతూ తొడగండి. అందరూ చప్పట్లు కొట్టాక ఇద్దరూ చేతులు ఛాతీ ఎత్తున పెట్టుకుని కెమెరా వైపు చూడండి. ఛాతీ కంటే కిందుంటే ముఖాలతో పాటు ఒకే ఫ్రేములో రావు.

ఉంగరాల క్లోజప్ ఫోటోలు వేదిక మీద తీయించవద్దు. వేడుకకి ముందు, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా అయిదు నిమిషాల్లో అయిపోతాయి. గోరింటాకు ఫోటో మాత్రం పెట్టిన రాత్రే కాదు, మర్నాడు తీయించాలి. పెట్టిన ఒకటి రెండు రోజులకే ముదురు రంగు తేలుతుంది.

ప్రీ వెడ్డింగ్ షూట్

దీనికి చోటు కంటే దిక్కు ముఖ్యం. మన సముద్రం తూర్పున ఉంది. విశాఖ రుషికొండలోనో, భీమిలిలోనో సాయంత్రం ఆరుకి వెళ్ళి "నీళ్ళ మీద సూర్యాస్తమయం" అడిగితే ఫోటోగ్రాఫర్ ఏం చేస్తాడు? సూర్యుడు ఊరి వెనక దిగుతాడు. అక్కడ కావలసింది తెల్లవారుజాము. వేసవిలో అయిదున్నర లోపే ఎండ మొదలవుతుంది కాబట్టి మేకప్ మూడు గంటలకే ప్రారంభించాలి. నీళ్ళ మీద సూర్యాస్తమయం కావాలంటే రాజమహేంద్రవరం వెళ్ళండి. ఊరు గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది, ఘాట్ల మీద నిలబడితే సూర్యుడు కొవ్వూరు వైపు నదిలోకి దిగుతాడు.

హైదరాబాదులో డిసెంబరులో 5:45కే పొద్దు వాలిపోతుంది, మే నెలలో 6:40 దాటుతుంది. బంగారు రంగు వెలుగు ఉండేది ఆ ముందు నలభై అయిదు నిమిషాలే. రెండో జత బట్టలు మార్చుకోవడానికి అరగంట పడితే ఆ వెలుగు అయిపోయినట్టే. అందుకని మంచి బట్టలు మొదటే వేసుకుని వెళ్ళకండి. ఎండ ఉన్నప్పుడు మామూలువి, చివరి గంటకి మంచివి.

గోల్కొండలాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడు, లైట్లు పెట్టి షూట్ చెయ్యాలంటే ముందస్తు అనుమతి కావాలి. గేటు దగ్గర బతిమాలితే పని జరగదు. లంబసింగి మంచు డిసెంబరు, జనవరి ఉదయాల్లోనే. బయటి చలిలోంచి వెచ్చటి కారులోకి తెస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది, పది నిమిషాలు ఆగి తుడిచి మళ్ళీ మొదలుపెట్టాలి. గండికోట అంచున కంచె లేని చోట పొడుగు గౌను ఈడ్చుకుంటూ వెనక్కి నడిచే పోజు ఎవరు చెప్పినా వద్దనండి.

మండపం లైట్లు: డెకరేటర్‌తో మాట

సగం ఫోటోలు చెడగొట్టేది డెకరేటర్ పెట్టే పార్ లైట్లు, అంటే రంగులు చిమ్మే స్టేజి దీపాలు. ఊదా, గులాబి, నీలం రంగు లైటు ముఖం మీద పడితే చర్మం రంగు ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా తిరిగిరాదు. డెకరేటర్‌కి ఇచ్చే కాగితంలో ఒక్క మాట రాయించండి: "పందిట్లో తంతు జరిగినంతసేపూ వధూవరుల మీద రంగు లైట్లు ఉండకూడదు, వార్మ్ వైట్ (లేత పసుపు కలిసిన తెలుపు) మాత్రమే. రంగులు వెనక గోడకి, పూలకి." రిసెప్షన్‌కి ఆయనిష్టం.

ఎల్‌ఈడీ గోడ మండపం వెనక పెడితే ఇద్దరూ నల్లటి నీడల్లా వస్తారు. వెలుతురు పావు వంతుకి తగ్గించమనండి. కూర్చునే పీటలకి, గోడకి మధ్య కనీసం ఏడెనిమిది అడుగులుండాలి. దగ్గరగా ఉంటే ఫోటోలో గోడ మీద అలలు అలలుగా గీతలు పడతాయి.

చారల సంగతి కూడా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్‌ఈడీ దీపాలు సెకనుకి వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను దగ్గర ఉంటే చారలు తగ్గుతాయి. కానీ తలంబ్రాల గింజలు గాల్లో ఆగినట్టు రావాలంటే 1/500 కావాలి, అక్కడ ఫోటో అడ్డంగా చీకటి పట్టీలతో వస్తుంది. దీన్ని ముందే పట్టుకోవడానికి ఫోను చాలు. హాలు చూడ్డానికి వెళ్ళినప్పుడు స్లో మోషన్ వీడియో తియ్యండి. మినుకుతున్న దీపాలు అందులో టపటపా కొట్టుకుంటాయి. అలా ఉంటే ఫోటోగ్రాఫర్‌కి ఆ వీడియో పంపండి, ఆయన ఫ్లాషులు ఎక్కువ తెచ్చుకుంటాడు, లేదా మినకని లైట్లు తెస్తాడు.

పగటి పెళ్ళిలో ఎర్రటి, పచ్చటి షామియానా గుడ్డ కింద కూర్చుంటే ఆ రంగే ముఖాలకి దిగుతుంది. పైగుడ్డ తెల్లదో, లేత గోధుమరంగుదో వేయించండి. కొబ్బరాకు పందిరి చూడ్డానికి ఎంతో బాగుంటుంది, కానీ పదింటి ఎండ సందుల్లోంచి ముఖం మీద మచ్చలు మచ్చలుగా పడుతుంది. పీటల పైన మాత్రం ఆకులు రెండు పొరలు వేయిస్తే చాలు.

ఇక మేకప్. కొన్ని పౌడర్లు ఫ్లాష్ పడగానే తెల్లగా మెరిసి, ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు అవుతాయి. ట్రయల్ రోజున చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి చూస్తే తెలిసిపోతుంది.

తంతు వరుసలో ఎక్కడ ఎవరుండాలి

వారం ముందు పంతులుగారిని కలిసి, మీ ఇంటి ఆచారంలో ఏది ముందు, ఏది తర్వాత అని రాయించుకోండి. మధుపర్కాలు కొందరిలో ముహూర్తానికి ముందే కట్టిస్తారు, కొందరిలో తర్వాత. కాళ్ళు కడగడం, కన్యాదానం ఏ గంటకి మొదలవుతాయో, ముహూర్తానికి ముందు ఎంత ఖాళీ ఉంటుందో ఆయనకే తెలుసు. ఆ కాగితం ఫోటో తీసి స్టూడియోకి పంపండి. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన క్యాండిడ్ బృందమైతే ఇది మరీ అవసరం. వాళ్ళు తాళి కోసం కాచుకుని కూర్చుంటారు, ఈలోపు జీలకర్ర బెల్లం జరిగిపోతుంది. "గట్టిమేళం" అనగానే మండపం దగ్గర ఉండాలని, ఆ మాట వినపడగానే పరిగెత్తమని వాళ్ళకి చెప్పండి.

గంపలో పెళ్ళికూతుర్ని మేనమామలు తెచ్చేటప్పుడు దారి ఇరుకు, వెలుతురు తక్కువ. గది గుమ్మం నుంచి మండపం దాకా లైటు పట్టుకున్న ఒక మనిషి వాళ్ళకి ముందుండి, వెనక్కి నడుస్తూ ఉండాలి. గంప దించేముందు మేనమామలు ఒక్క క్షణం ఆగితే చాలు, ఆ ఫోటో వాళ్ళకి జన్మంతా ఉంటుంది.

జీలకర్ర బెల్లానికి ఇలా సర్దండి. తెరకి అటొక కెమెరా, ఇటొక కెమెరా, ఎదురుగా మొత్తం పడేలా ఒకటి. అటువైపు కెమెరా పెళ్ళికొడుకు భుజం వెనకనుంచి పెళ్ళికూతురి ముఖం చూడాలి, ఇటువైపుది దానికి తిరగబడి. వీడియో కెమెరా ఎదురుదాని పక్కనే. మండపం ముందు ఎనిమిది అడుగులు ఖాళీగా ఉండాలి. ఈ ఖాళీ మీరు ఉంచలేరు, ఫోటోగ్రాఫర్ చెబితే బంధువులు వినరు. రెండిళ్ళవారికీ మాట చెల్లే ఒక బాబాయినో, మామయ్యనో ఆ పని మీద పెట్టండి. "అక్షతలు పక్కలనుంచి వెయ్యండి, ముందునుంచి కాదు" అని మైకులో ఆయనే ఒకసారి చెప్పాలి.

తెర పట్టుకునే ఇద్దరికీ ఒక సూచన. ముహూర్తం అవగానే తెరని పక్కకి లాగకూడదు, నిటారుగా కిందికి దించాలి. పక్కకి లాగితే గుడ్డ ఒకరి ముఖం మీదుగా పోతుంది, ఇద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకునే ఆ అరసెకను పోతుంది. మీ ఇద్దరికీ ఇంకో సూచన. జీలకర్ర బెల్లం ఉన్న తమలపాకు ఎదుటివారి తల మీద పెట్టేటప్పుడు మోచెయ్యి మీ ముఖానికి అడ్డు రాకుండా చెయ్యి కాస్త పక్కగా ఎత్తండి. తెర దిగాక వెంటనే కెమెరా వైపు చూడకండి. ఒకరినొకరు చూసుకోండి. చెయ్యి అలాగే ఉంచి నెమ్మదిగా మూడు లెక్కపెట్టేంతసేపు. అక్కడే ఆల్బమ్ అట్ట ఫోటో దొరుకుతుంది.

మధుపర్కాలు తెలుపు, అంచు ఎరుపు. కెమెరాని ఆటో మోడ్‌లో వదిలేస్తే అంత తెలుపు చూసి వెలుతురు తగ్గించేస్తుంది, ముఖాలు నల్లబడతాయి. ఫ్లాష్ ఎక్కువైతే బట్ట కాగితంలా తెల్లబారి మడతలు కనబడవు. అనుభవం ఉన్నవాళ్ళు ముఖానికి సరిపోయేలా మాన్యువల్‌లో పెట్టుకుని బట్ట తెలుపు దాటకుండా చూసుకుంటారు. మీ తమ్ముడో, స్నేహితుడో కెమెరా పట్టుకుంటున్నాడనుకోండి, రాత్రి హాల్లో అతను మొదలుపెట్టడానికి ఈ లెక్క పనికొస్తుంది: అపర్చర్ (లెన్సు ద్వారం) ఎఫ్/2.8, షట్టర్ 1/160, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 1600, ఫ్లాష్ పైకప్పు తెల్లగా తక్కువ ఎత్తులో ఉంటే దానికి కొట్టించి. గుడ్డ కప్పిన ఎత్తు పందిరి అయితే పైకి కొట్టిన ఫ్లాష్ తిరిగిరాదు, ఆ గుడ్డ రంగు మాత్రం వస్తుంది. అక్కడ పక్కన స్టాండు మీద గొడుగుతో లైటు పెట్టుకోవడమే మార్గం.

తాళి. పెళ్ళికూతురు తల వంచుతుంది. బాసికం నీడ కళ్ళమీద పడుతుంది, దండలు మెడని కప్పేస్తాయి, పూలజడ వెనకనుంచి అడ్డు. ముందు దండలు తీయించాలి, కనీసం భుజాల మీదికి జరపాలి. జడ పైకెత్తి పట్టుకునే ఆడపడుచు పెళ్ళికూతురికి వెనకవైపు పక్కగా నిలబడాలి, ముందుకి వంగకూడదు. సూత్రాలు రెండు, ముళ్ళు మూడు. మొదటి ముడికి ఎదుటినుంచి ముఖాలు, రెండో ముడికి వెనకనుంచి చేతులు, మూడో ముడికి మళ్ళీ ముఖాలు అని ఒక కెమెరా ఉన్నవాళ్ళు పంచుకుంటారు. కట్టేముందు పెళ్ళికొడుకు సూత్రాలు రెండు చేతులతో చాచి పట్టుకుని అందరికీ చూపించే ఆనవాయితీ చాలా ఇళ్ళలో ఉంది. అప్పుడు చేతులు గడ్డం ఎత్తులో ఉండాలి. వంచిన ముఖానికి వెలుతురు కింది నుంచి కావాలి. ఒక చిన్న లైటు నడుం ఎత్తులో, మెత్తటి గుడ్డ కప్పి ఉంచమనండి.

తలంబ్రాల్లో ఈమధ్య బియ్యంతో పాటు థర్మాకోల్ గుండ్లు, ముత్యాలు కలుపుతున్నారు. థర్మాకోల్ చెమటకి అతుక్కుని తర్వాత గంటసేపు తీసిన ప్రతి ఫోటోలో నుదుటిమీద తెల్ల మచ్చలుగా ఉంటుంది. కళ్ళలో పడితే సరేసరి. పసుపు బియ్యానికి మించినది లేదు, ఫోటోలో రంగూ దానికే. దోసిలి తలకి ఒక అడుగు పైన విప్పితే గింజలు విడివిడిగా పడతాయి. నెత్తిమీదే కుమ్మరిస్తే ముద్దగా దిగుతాయి. ఇక పోటీ మొదలయ్యాక మీకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. నవ్వు దానంతటదే వస్తుంది. ఈ వేళకి కెమెరాలో కార్డు నిండిపోయి ఉండే ప్రమాదముంది. తలంబ్రాల ముందే కార్డు, బ్యాటరీ మార్చమని ఒక మాట అనండి.

కోల్డ్ ఫైర్ పువ్వొత్తులు, పొగ మిషను, కాగితం ముక్కల బ్లాస్టు మూడూ ఒకేసారి వద్దు. పొగలో ఫ్లాష్ కొడితే తెల్ల గోడ తప్ప ఏమీ కనబడదు. హోమం పొగదీ అదే కథ. ఫ్యాను గాలి ఎటు పోతోందో చూసి, పొగ పోయే వైపు కాకుండా దానికి అవతలి వైపు ఫోటోగ్రాఫర్ నిలబడాలి.

సన్నికల్లు తొక్కించి మెట్టెలు తొడిగేటప్పుడు కెమెరా నేలమీద ఉండాలి. నిలబడి తీస్తే పెళ్ళికొడుకు నడినెత్తి వస్తుంది. బిందెలో ఉంగరం తీసేటప్పుడు దీనికి తిరగబడి, ముక్కాలిపీట ఎక్కి పైనుంచి తీయాలి. అరుంధతీ నక్షత్రం చూపించడానికి బయటికి తీసుకెళతారు, అక్కడ చిమ్మచీకటి. లైటు పట్టుకున్న మనిషి ముందే బయటికి వెళ్ళి ఉండాలి.

అప్పగింతలు తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకి పడతాయి. అప్పటికి లైట్లు విప్పేసి, సగం మంది టిఫిన్ బల్ల దగ్గర ఉంటారు. ఒప్పందంలో రాయించిన "అప్పగింతల దాకా" అన్న మాట ఇక్కడ అక్కరకొస్తుంది. ఇక్కడ ఫ్లాష్ వద్దనండి. దూరంనుంచి పొడుగు లెన్సుతో, ఐఎస్ఓ పెంచి, గింజలు గింజలుగా వచ్చినా పర్లేదు. తండ్రి ఏడుస్తుంటే మొహం మీద ఫ్లాష్ కొట్టడం కన్నా ఘోరం లేదు.

గ్రూపు ఫోటోలు, రిసెప్షన్ వరుస

చిన్న లెక్క వెయ్యండి. 600 మంది అతిథులంటే దాదాపు 150 కుటుంబాలు. ఒక్కో కుటుంబానికి వేదిక ఎక్కి, కవరిచ్చి, అక్షతలు వేసి, ఫోటో దిగి, దిగిపోవడానికి అరనిమిషం. మొత్తం గంటా పావు, ఎవరూ ఆగకపోతే. ఆగుతారు. కాబట్టి దగ్గరివాళ్ళ గ్రూపులు ఆ వరుసలో కలపకండి. పాతిక గ్రూపులకు మించకుండా జాబితా రాసి, రెండువైపులా ముఖాలు తెలిసిన ఒక్కొక్కరికి ఇవ్వండి. పేర్లు పిలిచేది వాళ్ళే. తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ముందు. రాత్రి పదకొండు దాటితే వాళ్ళు ఉండరు.

పన్నెండుమందిని ఒకే వరుసలో నిలబెట్టి వైడ్ లెన్సుతో తీస్తే చివరివాళ్ళు లావుగా సాగిపోతారు. రెండు వరుసలు చెయ్యమనండి, ఫోటోగ్రాఫర్ నాలుగడుగులు వెనక్కి వెళ్ళాలి, లెన్సు 35 మిల్లీమీటర్ల పైన, ఎఫ్/5.6 దగ్గర. ప్రతి గ్రూపుకి మూడు ఫోటోలు. ఎవరో ఒకరు కళ్ళు మూస్తారు.

సాదా ఫోటోలు రెండు తప్పకుండా తీయించండి: మెడలో తాళి, దండలతో ఇద్దరూ ఎదురుగా చూస్తున్నది ఒకటి, తంతు జరుగుతున్నది ఒకటి. పెళ్ళి రిజిస్ట్రేషన్‌కి శుభలేఖతో పాటు ఇవి కావాలి. అమెరికాలో ఉన్న భర్త దగ్గరికి హెచ్-4 వీసా మీద వెళ్ళేవాళ్ళు ఇంటర్వ్యూకి పెళ్ళి ఫోటోలు పట్టుకెళ్ళడం మామూలే. ఆల్బమ్ వచ్చేదాకా ఆగలేరు కాబట్టి ఈ రెండూ, ఓ ఇరవై తంతు ఫోటోలూ వారంలో ఇవ్వాలని ముందే చెప్పుకోండి.

గుడిలో పెళ్ళి, డ్రోను, లైవ్

అన్నవరం కొండమీద ముహూర్తాల రోజున ఒకేచోట పదుల పెళ్ళిళ్ళు పక్కపక్కనే జరుగుతాయి. వెనక ఇంకో పెళ్ళి పడకుండా ఉండాలంటే 85 మిల్లీమీటర్ల లెన్సుతో దగ్గరగా తియ్యాలి, మండపం మూలన ఉన్న చోటు అడగాలి. ఏ గుడిలోనైనా కెమెరా ఎంతవరకు రానిస్తారో దేవస్థానం కార్యాలయంలో ముందే కనుక్కోండి. తిరుమల ఆలయం లోపలికైతే ఫోన్ కూడా తీసుకెళ్ళనివ్వరు.

డ్రోను 2021 డ్రోన్ నిబంధనల కిందికి వస్తుంది. 250 గ్రాముల లోపు నానో డ్రోనుకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, అంతకంటే బరువైనదాన్ని డబ్బు తీసుకుని ఎగరేస్తే కావాలి. హాలు ఏ జోనులో ఉందో కేంద్ర ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైటు మ్యాపులో చూడాలి. గ్రీన్ జోనులో 400 అడుగుల దాకా, విమానాశ్రయం నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యైతే 200 అడుగుల ఎత్తు దాకా ఎగరెయ్యవచ్చు. మండపం మీదకి మాత్రం తేవద్దనండి. ఆ గాలికి అక్షతలు, హోమం బూడిద అందరి కళ్ళలో పడతాయి. ఎదురుకోలు, ఊరేగింపు, హాలు పైనుంచి చూపు, వీటికి చాలు.

లైవ్ పెట్టేవాళ్ళు హాల్లో సిమ్ మీద ఆధారపడకూడదు. వెయ్యిమంది ఫోన్లు వచ్చాక నెట్ వేగం పడిపోతుంది. వైరు కనెక్షను, అప్‌లోడ్ కనీసం 8 ఎంబీపీఎస్ ఉండాలి. సౌండ్ బాక్సులో సినిమా పాటలు మోగుతుంటే యూట్యూబ్ లైవ్ మధ్యలో మూగబోవచ్చు, ఆగిపోవచ్చు. తంతు జరిగేంతసేపూ భజంత్రీలు, మంత్రాలే ఉంచండి. పంతులుగారి మైకు నుంచి నేరుగా కెమెరాకి శబ్దం తీసుకోండి, లేకపోతే డోలు తప్ప ఏదీ వినపడదు.

పెళ్ళయ్యాక

4కె వీడియో ఒక కెమెరాకే గంటకి దాదాపు 45 జీబీ అవుతుంది. ఫోటోలు, వీడియో కలిపి 1 టీబీ తేలిగ్గా దాటుతుంది. 2 టీబీ హార్డ్ డిస్కులు రెండు కొని స్టూడియోకి ఇవ్వండి, ఒకటి మీ ఇంట్లో, ఒకటి అత్తవారింట్లో. పెన్ డ్రైవ్ పంచడానికే, దాచడానికి కాదు. డిస్కు అందాక అక్కడే నాలుగు ఫోల్డర్లు తెరిచి, వీడియోలు మధ్యలో ఆడించి చూశాకే చివరి విడత ఇవ్వండి. ఇంట్లో కాపీ అయ్యేదాకా వాళ్ళ దగ్గరున్నవి చెరపవద్దని చెప్పండి.

ఆల్బమ్ ఆలస్యానికి సగం కారణం జంటలే. ఫోటోలు ఏరి ఇవ్వరు. ఇలా చెయ్యండి: మొదటి విడతలో కళ్ళు మూసినవి, మసకవి తీసెయ్యండి, బాగున్నవి ఏరవద్దు. రెండో విడతలో తంతు ఒక్కోదానికి నాలుగైదు ఉంచండి. మూడో విడతలో బంధువుల జాబితా పక్కన పెట్టుకుని ఎవరు తప్పిపోయారో చూడండి. 35 షీట్ల ఆల్బమ్‌కి షీటుకి నాలుగైదు చొప్పున 150 నుంచి 170 ఫోటోలు. అంతకు మించితే పోస్టల్ స్టాంపులంత ముఖాలు. ఎంపిక ఫైలు నంబర్లతో పంపండి, వాట్సాప్ స్క్రీన్‌షాట్లతో కాదు. ఫోటో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే నాణ్యత పడిపోతుంది.

షీటు విప్పితే 12×36 అంగుళాలు. 24 మెగాపిక్సెల్ ఫోటో 6,000 పిక్సెళ్ళ వెడల్పు, మొత్తం షీటు నింపినా తట్టుకుంటుంది. ఫోన్లో తీసి కత్తిరించింది తట్టుకోదు, దాన్ని చిన్నగా పెట్టించండి. ప్రూఫు వచ్చినప్పుడు మూడు చూడండి: నడిమి మడతలో ఎవరి ముఖమైనా పడిందా, తంతు వరుస సరిగా ఉందా, అట్ట మీద పేర్ల అక్షరాలు శుభలేఖలో ఉన్నట్టే ఉన్నాయా. ఒత్తులు, దీర్ఘాలు పెద్దవాళ్ళతో చదివించండి. డిజైనర్ ఫాంటు మార్చినప్పుడు "శ్రీ"లు, "జ్ఞ"లు విరిగిపోవడం మామూలు.